సౌనా స్లాట్ తీసుకోవాలా? ఫిన్లాండ్‌లో ఏ సౌనా ఎవరికి కుదురుతుంది

"అన్నా, బిల్డింగ్‌లో సౌనా స్లాట్ కావాలా అని మెయిల్ వచ్చింది. నెలకి పదిహేను యూరోలట. తీసుకోమంటావా, దండగంటావా?"

ఎస్పోలోనో తాంపెరేలోనో కొత్తగా ఫ్లాట్‌లో దిగిన మనవాళ్ళ దగ్గర్నుంచి ఏడాదికి నాలుగైదుసార్లు నాకీ ఫోన్ వస్తుంది. "తీసుకో" అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి లేదు. పసిపిల్లలున్న ఇల్లు వేరు, ముగ్గురు బ్యాచిలర్లు కలిసుండే ఇల్లు వేరు, ఊర్నుంచి బీపీ ఉన్న అత్తగారు దిగిన ఇల్లు వేరు. సౌనా అంటే కాగిన రాళ్ళ వేడిలో కూర్చుని చెమట పట్టించుకునే గది. పైగా ఇక్కడ అది ఒక్క రకం కాదు. 55 లక్షల మంది ఉన్న దేశంలో 30 లక్షలకు పైగా సౌనాలున్నాయి. పార్లమెంటు భవనంలోనూ ఒకటుంది. ఫోన్లో ప్రతిసారీ అరగంట చెప్పేది ఈసారి రాసి పెడుతున్నాను.

ముందు పేరు సంగతి. సోనా కాదు, సౌనా. "సౌఖ్యం"లో సౌ ఎలా పలుకుతామో అలాగే. తెల్లవాళ్ళందరికీ కష్టంగా ఉండే ఈ ఉచ్చారణ మనకు పుట్టుకతో వచ్చినట్టే.

దేన్ని చూసి ఎంచుకోవాలి

కొత్తవాళ్ళు ముందు అడిగేది "ఎన్ని డిగ్రీలు?" అని. అది రెండో ప్రశ్న. మొదటిది లోయ్లు. కాగిన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే లేచి, పైకప్పుకి తగిలి, వీపు మీదికి దిగే ఆవిరిని ఇక్కడివాళ్ళు ఆ మాటతో పిలుస్తారు. గాలి పొడిగా ఉంటే 80 డిగ్రీల్లో కూడా హాయిగా కూర్చోవచ్చు. గదంతా ఆవిరితో నిండిపోయిన స్టీమ్ రూమ్‌లో 45 డిగ్రీలకే ఊపిరాడనట్టుంటుంది. కాబట్టి నీళ్ళు పోసే వీలుందా, ఎంత పోయాలన్నది మన చేతిలో ఉందా అన్నది ముందు చూడండి.

రెండోది దూరం. ఏడాదికోసారి వెళ్ళే గొప్ప సౌనా కన్నా వారం వారం వెళ్ళగలిగే మామూలు సౌనా మేలు. ఎందుకంటున్నానో ఆరోగ్యం దగ్గర చెబుతాను.

మూడోది, పైకి ఎవరూ అడగనిది: సిగ్గు. బట్టలుంటాయా, ఉండవా, ఆడా మగా కలిసా, విడివిడిగానా? ఫిన్నులకిది ప్రశ్నే కాదు. 1960లో అధ్యక్షుడు ఉర్హో కెక్కొనెన్ తన అరవయ్యో పుట్టినరోజున సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌ని సౌనాలో కూర్చోబెట్టి తెల్లవారుజాము దాకా మాట్లాడాడు. వీళ్ళ దౌత్యం కూడా తువ్వాలు మీదే నడిచింది. మనకు మాత్రం అది పెద్ద ప్రశ్నే, కాదని నటించనక్కర్లేదు. ఖర్చు, మీ ఒంటి పరిస్థితి ఆ తర్వాత వస్తాయి.

ఒక్క చూపులో తేడాలివి. ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి.

| రకం | వేడి | లోయ్లు | సిగ్గు సంగతి | ఖర్చు |
|---|---|---|---|---|
| బిల్డింగ్ సౌనా | 70–90 డిగ్రీలు | బాగుంటుంది | మీ గంట మీదే, లోపల గడియ | నెలకు 10–20 యూరోలు |
| ఫ్లాట్‌లోని సొంత సౌనా | 70–90 | రాళ్ళను బట్టి | ఇబ్బందే లేదు | కరెంటు బిల్లు |
| ఈతకొలను సౌనా | 80 పైన | ఎవరు గరిటె పడితే వారిష్టం | ఆడా మగా వేరు, బట్టలుండవు | ఈత టికెట్‌లోనే |
| పబ్లిక్ సౌనా | 80–100 | గట్టిగా | ఒక్కోచోట ఒక్కో పద్ధతి | ఎక్కువే, ఉచితమైనవీ ఉన్నాయి |
| చెరువు గట్టున కట్టెల సౌనా | మీ చేతిలో | చాలా బాగా | మీవాళ్ళే | కాటేజీ అద్దె |
| పొగ సౌనా | 60–80 | మెత్తగా, చాలాసేపు | చోటును బట్టి | అరుదు, ఖరీదు |
| ఇన్‌ఫ్రారెడ్ గది | 45–60 | లేదు | ఇబ్బందే లేదు | కొనాలి |

బిల్డింగ్ సౌనా

కొత్తగా వచ్చిన కుటుంబానికి నేను మొదట చెప్పేది ఇదే. కింద బేస్‌మెంట్‌లోనో పై అంతస్తులోనో ఉంటుంది. వారానికి ఒక గంట మీ పేరున రాస్తారు. దాన్నే సౌనావూరో అంటారు, అంటే సౌనా వంతు. బట్టలు మార్చుకునే గది, షవర్లు, సౌనా గది, మూడూ ఆ గంటసేపు మీవే. లోపల గడియ వేసుకుంటే మీరు, మీ ఆవిడ, పిల్లలు అంతే. ఏమి కట్టుకున్నారో, ఏమి కట్టుకోలేదో ఎవరికీ అక్కర్లేదు.

దీనిలో ఇంకో సుఖం ఏమిటంటే రాళ్ళపొయ్యి పెద్దది, మీకన్నా ముందు రెండు కుటుంబాలు వెళ్ళి ఉంటాయి కాబట్టి రాళ్ళు లోపలిదాకా కాగి ఉంటాయి. బాగా కాగిన రాయి మీద నీళ్ళు పోస్తే "స్స్" మని ఒక్క క్షణంలో మాయమవుతాయి. కాగకపోతే సందుల్లోంచి కారి నేల మీదికొస్తాయి. తేడా చెవికే తెలుస్తుంది.

ఇబ్బంది గంటతోనే. మీది బుధవారం ఆరు గంటలైతే ఆఫీసులో మీటింగ్ ఉన్నా అంతే, జ్వరమొచ్చినా అంతే. గంట నిండడానికి ఐదు నిమిషాల ముందే తుడుచుకుని బయటికొచ్చేయాలి. తర్వాతి వాళ్ళు గుమ్మం బయట తువ్వాళ్ళతో నిలబడి ఉంటారు. వాళ్ళు నోరెత్తి ఏమీ అనరు, అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. కొన్ని బిల్డింగుల్లో వారానికోరోజు అందరికీ కలిపి ఆడవాళ్ళకో గంట, మగవాళ్ళకో గంట ఉచితంగా పెడతారు. స్లాట్‌కి డబ్బు కట్టేముందు రెండు వారాలు దానికి వెళ్ళి చూడండి.

ఫ్లాట్‌లోనే సౌనా ఉంటే

చాలా కొత్త ఫ్లాట్లలో బాత్‌రూమ్ పక్కనే చిన్న సౌనా ఉంటుంది. మనవాళ్ళ ఇళ్ళలో అది సోనా మసూరి బస్తాలకి, సూట్‌కేసులకి గది. ఫిన్నులు కూడా కొందరు అదే పని చేస్తారు, కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. కానీ ఒక్కటి మాత్రం చేయకండి: రాళ్ళపొయ్యి పైన తీగ కట్టి బట్టలు ఆరేయడం. తీగ తెగినా, పిల్లలు స్విచ్ తిప్పినా ఇల్లంటుకుంటుంది. సౌనా అగ్నిప్రమాదాలకు ఇదొక పెద్ద కారణమని ఇక్కడి ఫైర్ సర్వీసు వాళ్ళు ఏటా మొత్తుకుంటారు.

వాడదలచుకుంటే దీనంత సౌకర్యం లేదు. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక కూడా వేసుకోవచ్చు. చిన్న పొయ్యి 6 కిలోవాట్లుంటుంది, కాగడానికి ముప్పావుగంట, కూర్చోవడానికి ఇంకో ముప్పావుగంట, మొత్తం మీద ఏడెనిమిది యూనిట్లు. కరెంటు ధర గంటగంటకీ మారే కాంట్రాక్టులో ఉన్నవాళ్ళు ఫోన్లో రేటు చూసి మరీ వేస్తారు. రాళ్ళు ఏడాదికోసారన్నా దించి చూడండి. పొడి రాలుతున్నవి పారేసి కొత్తవి పేర్చాలి. మధ్యలో గాలి ఆడేలా వదులుగా పేర్చండి, గోడ కట్టినట్టు కాదు. "మా సౌనాలో ఆవిరి రావట్లేదు" అని చెప్పినవాళ్ళలో సగం మంది రాళ్ళు, ఇల్లు కట్టినప్పుడు పెట్టినవే.

ఈతకొలను, పబ్లిక్ సౌనా

ఒంటరిగా ఉన్నవాళ్ళకి, ఇక్కడి మనుషులతో నాలుగు మాటలు కలపాలనుకునేవాళ్ళకి ఇవి. ఊరి ఈతకొలను టికెట్ చాలాచోట్ల పది యూరోల లోపే, సౌనా అందులోనే. కానీ ఈత బట్టలతో లోపలికి రానివ్వరు, క్లోరిన్ వాసన కాగుతుందని. ముందు సబ్బుతో స్నానం, కింద వేసుకోవడానికి ఒక చిన్న గుడ్డ. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ గదులు వేరు. మొదటిసారి ఐదు నిమిషాలు ప్రాణం పోయినట్టుంటుంది. ఆరో నిమిషానికి, ఎవరూ మీ వంక చూడడం లేదని అర్థమవుతుంది.

ఆ సిగ్గు దాటలేనివాళ్ళు హెల్సింకీ సముద్రపు ఒడ్డున 2016లో కట్టిన లోయ్లు అనే చోటికి వెళ్ళండి. అక్కడ ఆడామగా కలిసే, కానీ ఈత బట్టలు తప్పనిసరి. ఖరీదే. స్నేహితులు ఊర్నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళే చోటు, వారం వారం వెళ్ళేది కాదు. అసలు రుచి కావాలంటే హెల్సింకీ కాల్లియో పేటలో 1928 నుంచి నడుస్తున్న కోతిహార్యు ఉంది. కట్టెలతో కాచే పాత సౌనా. మగవాళ్ళు చలికాలంలో కూడా తువ్వాలు చుట్టుకుని వీధి అరుగు మీద పొగలు కక్కుతూ కూర్చుంటారు. తాంపెరేలో రాయాపోర్తి ఇంకా పాతది. 1906లో తెరిచారు, దేశంలో ఇప్పటికీ నడుస్తున్న పబ్లిక్ సౌనాల్లో అదే పాతది. చేతిలో డబ్బు లేని విద్యార్థులకి హెల్సింకీలో సొంపాసౌనా ఉంది. జనమే కట్టుకుని నడుపుకుంటున్నది, టికెట్ లేదు. మీరు వెళ్తే రెండు కట్టెలు చీల్చి రండి.

కోతిహార్యులాంటి చోట నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి వెళ్ళి నేరుగా అన్నిటికన్నా వేడిగా ఉండే పై మెట్టెక్కి కూర్చున్నాను. గరిటె నా చేతికి దగ్గరగా ఉంది కదా అని నాలుగు గరిటెలు గబగబా పోశాను. చెవుల కొసలు కాలాయి. పక్కనున్న పెద్దాయన ఒక్క మాట అనలేదు. నెమ్మదిగా లేచి, రెండు మెట్లు దిగి, నేల వంక చూస్తూ కూర్చున్నాడు. పోసేముందు "పోయనా?" అని అడగాలని ఆ తర్వాత ఆఫీసులో చెప్పారు.

కట్టెల సౌనా, పొగ సౌనా

వేసవిలో చెరువు గట్టున కాటేజీ అద్దెకి తీసుకుంటే సౌనా దానితోనే వస్తుంది. కట్టెలు మీరే చీల్చాలి, నీళ్ళు మీరే మోయాలి, నిప్పు మీరే రాజేయాలి. ఊళ్ళో కట్టెలపొయ్యి మీద కాగులో నీళ్ళు కాచినవాళ్ళకి గంటలో అలవాటవుతుంది. ఒక్క జాగ్రత్త: కణకణలాడే నిప్పుండగా చిమ్నీ మూత మూయకండి. ఆ విషవాయువుకి వాసన ఉండదు. జూన్ చివర్లో యుహాన్నుస్ పండుగకి ఇలాంటి చోటు దొరకాలంటే జనవరిలోనే బుక్ చేసుకోవాలి.

పొగ సౌనా దీని తాత. చిమ్నీ ఉండదు. రాళ్ళగుట్ట కింద ఆరేడు గంటలు కట్టెలు మండిస్తారు, పొగంతా గదిలోనే తిరుగుతుంది. తర్వాత నిప్పంతా తీసేసి, పొగ బయటికి పోనిచ్చి, అప్పుడు లోపలికెళ్ళాలి. గోడలు మసితో నల్లగా నిగనిగలాడతాయి. మాది కందుకూరు దగ్గర పల్లె. లోపలికి అడుగుపెట్టగానే నాకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ గుర్తొచ్చింది. అదే చీకటి, అదే కమురు, ఒంటి చుట్టూ అదే వేడి. పోలిక ఊరికే వచ్చింది కూడా కాదు. పాతకాలంలో వీళ్ళు ఇందులోనే మాల్ట్ (బీరుకి వాడే మొలకెత్తిన బార్లీ) ఆరబెట్టుకునేవారు, మాంసం పొగ పట్టించేవారు. కాన్పులు ఇందులోనే, చనిపోయినవాళ్ళకి చివరి స్నానం ఇందులోనే. సౌనాలో చర్చిలో ఉన్నట్టుండాలి అన్న మాట అందుకే పుట్టింది. లోయ్లు గుచ్చదు, దుప్పటి కప్పినట్టు దిగుతుంది. 2020లో యునెస్కో ఫిన్లాండ్ సౌనా సంప్రదాయాన్ని తన జాబితాలో చేర్చింది. అంతకు ఆరేళ్ళ ముందే ఎస్టోనియాలోని వోరుమా పొగ సౌనా ఆ జాబితాకెక్కింది. అవకాశమొస్తే ఒక్కసారన్నా వెళ్ళండి, పాత బట్టలతో.

ఇన్‌ఫ్రారెడ్ గది గురించి ఎక్కువ చెప్పను. అది ఒంటిని వేడి చేస్తుంది, చెమట పట్టిస్తుంది, నొప్పులకి కొందరికి హాయిగానే ఉంటుంది. కానీ రాళ్ళు లేవు, నీళ్ళు లేవు. దాన్ని సౌనా అంటే ఫిన్నులు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. హైదరాబాద్‌లో విల్లా కట్టుకుంటున్న మా బావ "ఏది పెట్టించాలి?" అంటే ఒకటే చెప్పాను: గది ప్రతి ఘనమీటరుకీ దాదాపు ఒక కిలోవాట్ పొయ్యి కావాలి, త్రీ ఫేజ్ లైను కావాలి. కూర్చునే మెట్టు ఎత్తుగా ఉండాలి, పాదాలు రాళ్ళకన్నా పైన ఉండేంత. అవి కుదరకపోతే ఇన్‌ఫ్రారెడ్ పెట్టుకో, పేరు మాత్రం మార్చు అని.

సామాన్లు: ఏవి కొనాలి, ఏవి వద్దు

చెక్క బకెట్, చెక్క పిడి ఉన్న పొడుగు గరిటె, కింద వేసుకునే నారగుడ్డ, ఇవి చాలు. ఆ గుడ్డని పెఫ్లెట్టి అంటారు, ఇంట్లో పాత కాటన్ తువ్వాలైనా ఫర్వాలేదు. పూర్తిగా లోహపు గరిటె కొనకండి, పిడి కాలుతుంది. సువాసన నూనెలు సరదాగా కొనుక్కోవచ్చు కానీ బకెట్ నీళ్ళలో కొన్ని చుక్కలే. రాళ్ళ మీద నేరుగా పోస్తే మండుతుంది. ఫెల్ట్ టోపీ రష్యన్ల అలవాటు. పై మెట్టు మీద చాలాసేపు కూర్చునేవాళ్ళకి పనికొస్తుంది, మనకి ఫోటోకి పనికొస్తుంది.

బర్చ్ ఆకుల కొమ్మల కట్ట మాత్రం వదలకండి. పడమటివాళ్ళు విహ్తా అంటారు, తూర్పువాళ్ళు వాస్తా అంటారు, ఏది సరైనదో ఇప్పటికీ తేల్చుకోలేదు. చూడ్డానికి మన వేపమండల కట్టలాగుంటుంది. నీళ్ళలో తడిపి భుజాల మీద, పిక్కల మీద మెల్లగా తట్టుకుంటే గదంతా వానకి తడిసిన ఆకుల వాసన. వేసవిలో కోసి ఫ్రీజర్‌లో పెట్టినవి చలికాలంలో సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి.

ఇక మన సామాన్లు. మెడలో, చేతులకి, చెవులకి ఉన్న బంగారం తీసేసి వెళ్ళాలి. మా ఆవిడ మొదటిసారి పుస్తెలు తీయనంది. పది నిమిషాలకి అవి కాగి గుండె మీద రెండు ఎర్రటి మచ్చలు పడ్డాయి. ఇప్పుడు సౌనా రోజున ఒట్టి పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుంటుంది. తీసేయడం ఇష్టం లేనివాళ్ళకి అది మంచి దారి. కళ్ళజోడు బయటే పెట్టండి. తలకి నూనె రాసుకుని వెళ్ళకండి. తలంటు అలవాటుతో నేను కొబ్బరినూనె పెట్టుకుని వెళ్తే అది కళ్ళలోకి కారింది, చెక్క మీద నా తల ఆన్చిన చోట మరక ఉండిపోయింది. బిల్డింగ్ నోటీసు బోర్డు మీద ఫిన్నిష్‌లో ఒక కాగితం అంటించారు. అది నా గురించేనని గూగుల్ చెప్పింది.

ఆరోగ్యం: ఎంత నిజం

ఎక్కువమంది చెప్పే లెక్క కువోపియో ప్రాంతంలో జరిగిన పరిశోధనది. 42 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు 2,315 మందిని ఇరవై ఏళ్ళు గమనించి, యారి లౌక్కానెన్ బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. వారానికొక్కసారి సౌనాకి వెళ్ళేవాళ్ళతో పోలిస్తే రెండు మూడుసార్లు వెళ్ళేవాళ్ళలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోవడం 22 శాతం తక్కువ, నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్ళేవాళ్ళలో 63 శాతం తక్కువ. అసలు వెళ్ళనివాళ్ళతో ఎందుకు పోల్చలేదంటే, అక్కడ వాళ్ళు దొరకరు కాబట్టి.

దీన్ని చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. అందరూ మగవాళ్ళే, అందరూ తూర్పు ఫిన్లాండ్ వాళ్ళే. వారానికి ఐదుసార్లు సౌనాలో కూర్చునే తీరికా ఓపికా ఉన్నవాడు మిగతా విషయాల్లోనూ ఆరోగ్యంగా ఉండి ఉండొచ్చు. సౌనాయే కాపాడిందని ఇది తేల్చదు. కానీ గుండె వేగం చురుగ్గా నడిచినప్పటంత పెరగడం, రక్తనాళాలు విచ్చుకోవడం, ఆ రాత్రి నిద్ర పట్టడం మాత్రం ఎవరి ఒంటి మీద వాళ్ళు చూసుకోగలరు. తరచుగా వెళ్ళగలిగేదే ఎంచుకోమని నేననేది ఇందుకే.

"విషాలు" చెమటలో పోతాయన్నది నమ్మకండి, ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. తగ్గిన అరకిలో బరువు రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొస్తుంది, రావాలి కూడా.

ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, కూర్చున్నా ఛాతీనొప్పి వచ్చేవాళ్ళు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్ళు వెళ్ళకూడదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు కింది మెట్టు మీదే కూర్చుని, లేచేటప్పుడు గోడ పట్టుకుని నిదానంగా లేవాలి. కళ్ళు తిరిగి పడేది అప్పుడే. ఇన్సులిన్ తీసుకోగానే వెళ్తే వేడికి మందు త్వరగా ఒంట్లోకెక్కి షుగర్ పడిపోవచ్చు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్ళు కొన్ని నెలలు తగ్గించండి, వేడికి వీర్యకణాలు తాత్కాలికంగా తగ్గుతాయి. గర్భిణులు ఇక్కడ మామూలుగానే వెళ్తారు, కానీ వాళ్ళది చిన్నప్పటి అలవాటు. మీరు డాక్టర్ని అడిగి వెళ్ళండి. మద్యం తాగి ఎవ్వరూ వెళ్ళొద్దు. ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారో పందెం వద్దు. హేయినోలాలో ఏటా జరిగిన ప్రపంచ పోటీ, 2010లో 110 డిగ్రీల వేడిలో ఫైనల్ ఆడిన ఒకాయన చనిపోవడంతో ఆగిపోయింది.

ఎవరికి ఏది

పిల్లలున్న ఇంటికి బిల్డింగ్ స్లాటే. పిల్లల్ని కింది మెట్టు మీద కాళ్ళ దగ్గర నీళ్ళ తొట్టితో కూర్చోబెట్టండి, ఐదు నిమిషాలు చాలు. బ్యాచిలర్లకి ఈతకొలను. ఫిన్నిష్ నేర్చుకుంటున్నవాళ్ళకి కూడా అదే, బస్సులో పలకరించనివాళ్ళు అక్కడ మాట్లాడతారు. రాత్రి షిఫ్టులవాళ్ళకి సొంత ఫ్లాట్ సౌనా తప్ప దారి లేదు, బియ్యం బస్తాలకి వేరే చోటు వెతకండి. ఊర్నుంచి వచ్చిన పెద్దవాళ్ళని మొదట బిల్డింగ్ సౌనాకి, వేడి తక్కువగా ఉన్నప్పుడు తీసుకెళ్ళండి. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వచ్చి, నైటీతో కింది మెట్టు మీద కూర్చుని, "ఇంకో గరిటె పొయ్యి అల్లుడూ" అన్నారు మూడో వారానికి.

స్లాట్ అడిగినవాళ్ళకి చివరి సంగతి. శుక్ర, శనివారం సాయంత్రాలు పాత కాపురాలవాళ్ళవి, అవి ఇప్పుడప్పుడే ఖాళీ కావు. బుధవారం దొరికితే బుధవారం తీసుకోండి, శుక్రవారానికి వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. నాకు రావడానికి రెండున్నరేళ్ళు పట్టింది.